డ్యూటీ డ్రెస్సులో కోడలు

“నాన్నా, గడియ తీస్తావా, తలుపు పగలగొట్టమంటావా?”

పొద్దుట్నుంచి ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో కొడుక్కే గుర్తులేదు. తలుపు పగలగొట్టేంత కండ అతనికి లేదని లోపలున్న పెద్దాయనకి తెలుసు, తలుపుకీ తెలుసు.

లోపల్నుంచి ఒక మూలుగు వినపడింది. దాన్ని దగ్గుగా మార్చబోయి, చేతకాక సగంలో వదిలేసినట్టుంది.

“నాకేం నొప్పి లేదు. వెళ్ళండి అందరూ.”

ఆయన ఉద్యోగమంతా బస్సు కండక్టరుగానే గడిచింది. కిక్కిరిసిన బస్సులో ముందు గుమ్మం నుంచి వెనక సీటుదాకా ఖంగుమనే గొంతు. ఇప్పుడా గొంతు చెక్కతలుపు దాటడానికే ఆయాసపడుతోంది.

కోడలు హాల్లో గోడకానుకుని ఆ గొంతునే వింటోంది. సర్జికల్ వార్డులో నర్సు ఆమె. మనిషి ముఖం చూడక్కర్లేదు, మాట ఎక్కడ తెగిందో, ఊపిరి ఎక్కడ బిగిసిందో వింటే చాలు.

“మామయ్యగారూ, పొట్ట కింద బిగదీసినట్టుందా?”

“నువ్వెళ్ళమ్మా.”

“బ్యాగులోకి వస్తోందా, ఆగిపోయిందా?”

ఆమె గోడ వదిలి తలుపు దగ్గరికొచ్చింది.

“పోనీ రంగు చెప్పండి. లేతగా ఉందా, ఎర్రగా ఉందా? అదొక్కటి చెప్పండి చాలు.”

“వెళ్ళమన్నానా!”

ఆ అరుపు చివర్లో గొంతు పగిలింది. కోడలు కళ్ళు మూసుకుని తెరిచింది. కొడుకు గడియ వైపు, భార్య వైపు, మళ్ళీ గడియ వైపు చూశాడు.

ప్రోస్టేట్ ఆపరేషనై ఆయన ఇల్లు చేరి వారం కూడా కాలేదు. మూత్రం పైపూ, అది పడే బ్యాగూ ఇంకా తీయలేదు. “ఇంట్లోనే నర్సుందిగా, ఇంకేం భయం” అని పెద్ద డాక్టరు అందరికన్నా ముందు పంపించేశాడు. కొడుకూ ఆ మాటే అన్నాడు. పక్కవాటా వాళ్ళూ అదే అన్నారు. ఆ నర్సుని మాత్రం ఎవరూ అడగలేదు.

నిజానికి పైపు సంగతీ బ్యాగు సంగతీ తానే చూసుకుంటానని కొడుకు మాటిచ్చాడు. అతను టీవీలు బాగుచేసే మెకానిక్. వంద వైర్లున్న పెట్టెని కళ్ళు మూసుకుని విప్పి బిగిస్తాడు. తండ్రి ఒంటి నుంచి వచ్చే ఒక్క పైపు చూసేసరికి మాత్రం కళ్ళు తిరిగి మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. ఆ రోజు కోడలు ఒక చేత్తో మామగారిని, ఇంకో చేత్తో మొగుణ్ణి చూసుకోవాల్సొచ్చింది. అప్పట్నుంచి పనంతా ఆమెదే అయిపోయింది.

“వినిపించిందా?” అంది సోఫా అంచున కూర్చున్న ఆడపడుచు. “నువ్వు మాట్లాడిన కొద్దీ బిగుసుకుపోతున్నాడు.”

ఆమె పొద్దున్నే కార్లో దిగింది. తండ్రిని తనతో తీసుకెళ్ళిపోవడానికి వచ్చింది. వచ్చినప్పట్నుంచి చేతిసంచి ఒళ్ళోంచి కింద పెట్టలేదు. ఆమె మొగుడు అసలు కారే దిగలేదు. అయిదు నిమిషాల్లో బయల్దేరతాం అని ఎవరో చెప్పారట, ఆ అయిదు నిమిషాలూ ఇంకా అవుతూనే ఉన్నాయి.

“వదినా, ఆయన మొండితనం కాదిది. లోపల ఏదో అడ్డుపడింది.”

“ఏం అడ్డుపడింది?”

“రక్తం గడ్డ. ఈ ఆపరేషన్ తర్వాత అలా అవుతుంది. పైపు మూసుకుపోతే మూత్రాశయం నిండిపోతుంది, బయటికి దారుండదు. ఇలాగే వదిలేస్తే ప్రమాదం.”

“అయితే ఇన్నాళ్ళూ నువ్వేం చూశావ్?”

ఆ ప్రశ్న సూటిగా తగిలింది. తనని తాను పొద్దుట్నుంచి అదే అడుగుతోంది కోడలు. నీళ్ళు బాగా తాగితే గడ్డలు కట్టవు. పూటపూటకీ జగ్గు నింపి పెట్టింది. మళ్ళీ వెళ్ళేసరికి జగ్గు ఖాళీ. అయినా బ్యాగు సగం కూడా నిండేది కాదు. ఫ్యాను కింద చెమట పడుతోందేమో అనుకుంది. వార్డులో ఇంకో సిస్టర్ ఇలా అనుకుని ఉంటే గట్టిగా కసిరేది.

“ఏరా, నువ్వేం చేస్తున్నావ్?” ఆడపడుచు తమ్ముడి మీదికి తిరిగింది. “కన్నతండ్రికి ఆ మాత్రం చెయ్యలేకపోయావా? కోడలి చేత ఆ పనులు చేయించుకునే గతి పట్టించావ్. బస్సులో ఎంతమంది ముందు ఎలా తిరిగిన మనిషి!”

“నేను చేద్దామనే అనుకున్నానక్కా...”

“అనుకున్నావులే. కళ్ళు తిరిగాయట కదా. పాపం.”

“అందులో తప్పేముంది వదినా?” అంది కోడలు. “రోజూ ఎంతమందికి చెయ్యడం లేదు నేను?”

“అదే చెబుతున్నా. నీకది పని. ఆయనకి పరువు. నువ్వు రోజూ చూసే వాళ్ళతో ఆయన్ని కలిపేశావ్.”

కోడలు నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. వీధిలో కారు హారన్ ఒకసారి, మర్యాదగా, మోగింది.

ఆ గదికి వెనక వరండా వైపు ఒక కిటికీ ఉంది. కోడలు వంటింట్లోంచి అటు వెళ్ళింది. కిటికీ రెక్కలు ఓరగా ఉన్నాయి, పరదా పూర్తిగా మూసి ఉంది. ఊచలకి బయట, చిన్న పలక మీద మనీప్లాంట్ కుండీ. అత్తగారు ఉన్నప్పుడు పెట్టిన మొక్క అది. ఆకులన్నీ పసుపెక్కి వేలాడుతున్నాయి.

ఎవరూ నీళ్ళు పోయక ఎండిపోయిందనుకుని వేలు పెట్టి చూసింది. మట్టి బురదలా ఉంది. కుండీ అడుగు నుంచి చుక్కలు కారి, గోడ మీద పాచి చార కట్టింది.

కోడలు ఆ చార వైపు చూస్తూ ఉండిపోయింది. జగ్గులెందుకు ఖాళీ అయ్యాయో, బ్యాగెందుకు నిండలేదో అర్థమైపోయింది. తను నింపిన నీళ్ళన్నీ ఈ మొక్క తాగింది. నిన్న సాయంత్రం ఖాళీ జగ్గు చూసి, “శభాష్, ఇవాళ మనం బాగా తాగామే” అని కూడా అంది ఆయనతో. పసిపిల్లల వార్డులో చేసినప్పుడు అలవాటైన మాట. ఆయన అప్పుడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. వార్డులో ఇలాంటిది జరిగితే పక్కన ఇంకో సిస్టర్ ఉంటుంది, కేకేస్తే డాక్టరొస్తాడు, ఏ తిట్టైనా నలుగురూ పంచుకుంటారు. ఇక్కడ ఇంటినిండా మనుషులే, అయినా తను ఒక్కతే. ముక్కు తుడుచుకుని డాక్టరుకి ఫోను చేసింది.

డాక్టరు ఆదివారం గొంతుతో మాట్లాడాడు. పైపు కడగడానికి సామానుందా అని అడిగాడు. ఉందంది. ఇంటికొచ్చేటప్పుడే సెలైను సీసాలు, పెద్ద సిరంజి తెచ్చిపెట్టుకుంది. “అయితే మెల్లగా కడిగి చూడు. బలవంతం చెయ్యకు. రాకపోతే వెంటనే తీసుకొచ్చెయ్యి, నేనూ వస్తాను” అన్నాడు.

కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

“మామయ్యగారూ, మొక్కని చూశాను.”

లోపల మంచం కిర్రుమంది.

“నేనేం అనను. ఒట్టు. కానీ ఇప్పుడు చెప్పేది వినండి. పైపు గడ్డతో మూసుకుపోయింది. కొంచెం సెలైను పంపించి, వెనక్కి లాగాలి. నొప్పి ఉండదని చెప్పను, ఉంటుంది. కాసేపే. గడ్డ బయటికొచ్చిన మరుక్షణం బరువంతా దిగిపోతుంది.”

“ఎవరు చేస్తారు?” అని అడిగాడు.

“నేనే.”

“నువ్వొద్దు.”

“మరెవరు? మీ అబ్బాయా?”

“వాడొద్దు. వాడు నా మీదే పడతాడు.” ఆ నొప్పిలోనూ ఆయనకి నవ్వొచ్చినట్టుంది, వెంటనే మూలిగాడు. “సిస్టర్ని పిలువు.”

“నేనే సిస్టర్ని మామయ్యా.”

“నువ్వు మా కోడలివి. నువ్వు... నాకు కంచంలో వడ్డిస్తావ్. ఆ చేతుల్తో...” మాట పూర్తి చేయలేకపోయాడు. మళ్ళీ ఊపిరి బిగిసింది. కోడలు ఊచలు పట్టుకుంది.

“మామయ్యగారూ, టైము లేదు. ఏం చేస్తే గడియ తీస్తారో చెప్పండి, అది చేస్తాను.”

పరదా వెనక నుంచి గొంతు వచ్చింది, చాలా చిన్నగా.

“డ్యూటీ బట్టలేసుకుని రా. తలుపు కొట్టి రా. నన్ను మామయ్యా అనకు.”

డ్యూటీ డ్రెస్సు పొద్దునే ఉతికి తీగ మీద ఆరేసింది. ఆదివారం కదా, సాయంత్రానికి ఆరుతుందిలే అనుకుంది. తీగ మీంచి లాగి, వంటింట్లో చీర విప్పి, చెమ్మగా ఉన్నదాన్నే తొడుక్కుంది. చంకల దగ్గర, నడుం దగ్గర చల్లగా అంటుకుపోయింది. జుట్టు ముడివేసి పిన్నులు పెట్టుకుంది. చేతి గాజులు తీసి వంటింటి కిటికీ గట్టు మీద పెట్టింది.

హాల్లోకి రాగానే ఆడపడుచు లేచి నిలబడింది.

“ఇదేంటి? ఇల్లనుకుంటున్నావా, ఆస్పత్రనుకుంటున్నావా?”

“ఆయనే అడిగారు.”

“నాన్న అడిగాడా? ఈ వేషమా? ఏం నాటకాలు...”

“అక్కా,” అన్నాడు తమ్ముడు. “నోరుమూసుకో.”

ఆ ఇంట్లో అతని నోటి నుంచి ఆ మాట ఎవరూ విని ఎరగరు. అక్క తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి కూర్చుండిపోయింది. అన్నవాడు ఇంకా ఎక్కువ హడలిపోయి, నీళ్ళు మరగబెట్టాలా అని భార్యని అడిగాడు. అక్కర్లేదంది. అయినా వెళ్ళి పొయ్యి వెలిగించాడు. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా.

ఆమె తలుపు మీద రెండు వేళ్ళతో కొట్టింది.

“ఎవరు?”

“సర్జికల్ వార్డు సిస్టర్నండి. లోపలికి రావచ్చా?”

గడియ జరిగింది. మనిషి తలుపు దగ్గర్నుంచి గోడ పట్టుకుంటూ మంచం చేరేదాకా ఆగి, అప్పుడు తోసింది.

“రండి సిస్టర్” అన్నాడాయన, ఆమె ముఖం చూడకుండా. “మీకు ఆదివారం పూట కూడా సెలవుండదా?”

“ఉంటుందండి. ఇవాళ మీకోసం వచ్చాను.”

గది వేడిగా, మూసిన వాసనగా ఉంది. చేతులు కడుక్కుంది. సామాను శుభ్రమైన గుడ్డ మీద పరిచింది. గ్లౌజులు తొడుక్కునే ముందు ఆగింది.

“దుప్పటి తియ్యమంటారా?”

ఆయన పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు. కనురెప్పలు అదిరాయి. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఆమె ఈ మాట అడగలేదు. సొంత ఇల్లే కదా, సొంత మనిషే కదా అని వచ్చీ రావడంతోనే దుప్పటి లాగేసి పైపు చూసింది. వార్డులో ముక్కూ ముఖం తెలియనివాడినైనా అడిగి చేసేది.

“తియ్యండి” అన్నాడు.

కింద పొట్ట ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. పైపులో చిక్కటి ఎరుపు కదలకుండా ఆగి ఉంది. మెలిక పడలేదు, నలగలేదు. అడ్డు లోపలే ఉంది.

“ఇప్పుడు పైపు విప్పుతున్నానండి. చల్లగా తగుల్తుంది. అది మందు.”

“ఊఁ.”

“ఇప్పుడు సెలైను పంపిస్తున్నాను. బరువుగా ఉంటుంది. ఆపమంటే ఆపేస్తాను.”

ఆయన మంచం పట్టె పట్టుకున్నాడు. ఒకప్పుడు బస్సు మలుపు తిరిగేటప్పుడు కడ్డీ పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నాడు. ఆమె సిరంజి మెల్లగా నొక్కింది. వెళ్ళలేదు. బలవంతం చెయ్యకూడదు. ఆగింది. ఆయన్ని కాస్త పక్కకి ఒరగమంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ లాగింది. ఏమీ రాలేదు. ఆయన పళ్ళ మధ్య నుంచి “అమ్మా” అన్నాడు.

“ఆపమంటారా?”

“వద్దు. కానివ్వండి.”

మూడోసారి నొక్కి లాగినప్పుడు సిరంజిలోకి నల్లటి గడ్డ, దాని వెనక ఇంకో చిన్నది జారుకుంటూ వచ్చాయి. ఆ వెనకే ఎర్రటి నీళ్ళు దూకాయి. గబగబా బ్యాగు తగిలించింది. బ్యాగు నిండుతున్న చప్పుడు గదంతా వినపడింది.

ఆయన కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. పొట్ట దిగుతున్న కొద్దీ పట్టె మీద వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. ఆమె ఇంకా రెండుసార్లు కడిగింది. రంగు తేటపడి, గులాబీ నీళ్ళలా మారింది.

“అయిపోయిందండి. బాగా ఓర్చుకున్నారు.”

దుప్పటి మెడదాకా కప్పి, గ్లౌజులు తీసి, స్టూలు లాక్కుని కూర్చుంది. వార్డులోలాగే అడిగింది.

“నీళ్ళు తాగుతున్నారా?”

“లేదు సిస్టర్.”

“ఎందుకని?”

“తాగితే సంచి నిండుతుంది. నిండితే మా కోడలు రావాలి.” ఆయన ఫ్యాను వైపు చూస్తూ చెబుతున్నాడు. “నేను చేసింది బస్సు ఉద్యోగం కదా. దూరం బండెక్కితే నీళ్ళు తాగేవాణ్ణి కాదు, దిగే వీలుండదని. అలవాటే. అలాగే సర్దుకోవచ్చనుకున్నాను.”

“ఇప్పుడు సర్దుకోవడం కుదరదండి. తాగాల్సిందే.”

“తాగుతాను.” దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. “సిస్టర్, మీకొక మాట చెబితే బయటికి పోదు కదా?”

“పోదండి. పేషెంటు చెప్పింది మా దగ్గరే ఉంటుంది.”

అనేసింది. అలా చెప్పడం ఆమెకి ఊపిరి పీల్చినంత అలవాటు. ఎవరికి మాటిస్తోందో, దేనికిస్తోందో ఆలోచించే లోపే మాట జారిపోయింది.

“మా అమ్మాయిని రమ్మన్నది నేనే” అన్నాడాయన. “నన్ను తీసుకెళ్ళమని ఫోను చేసింది నేనే. తనంతట తనే వచ్చినట్టు చెప్పమన్నాను. పాపం, అదేమో నా కోడలితో పోట్లాడుతోంది. ఇక్కడికి వినపడుతూనే ఉంది.”

ఆమె చేతిలో ఖాళీ సెలైను సీసా ఉంది. దాన్ని గట్టిగా పట్టుకుంది.

“ఇక్కడ సరిగ్గా చూడటం లేదాండి?”

“చూడకపోవడమా? ఆమె చూసినట్టు ఎవరూ చూడరు. అది కాదు సిస్టర్.” ఆయన నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. “మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఆమె ఒక్కతే. మావాడు మంచివాడే, టీవీలతో తప్ప మాట్లాడడు. సాయంత్రం ఆమె డ్యూటీ దిగొచ్చి కూరలు తరుగుతుంటే, నేను వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. నేను బస్సు కబుర్లు చెప్పేవాణ్ణి. ఆమె వార్డు కబుర్లు చెప్పేది. పేర్లు చెప్పదు. మూడో నంబరు బెడ్డు ఇలా అన్నాడు, ఏడో నంబరు బెడ్డు అలా అలిగాడు అనేది. నేను వాళ్ళకి పేర్లు పెట్టేవాణ్ణి. గొణుగుడు మాస్టారని ఒకాయన్ని, రాణీగారని ఒకావిడని. ఎంత నవ్వేవాళ్ళమో.”

“ఊఁ” అంది.

“ఆపరేషనై వచ్చినప్పట్నుంచి ఆమె నాతో ఒక్క కబురు చెప్పలేదు. వస్తుంది. నొప్పుందా, మనం పడుకున్నామా, మనం తాగామా అంటుంది. చేసేది చేస్తుంది, వెళ్ళిపోతుంది. నేనూ ఒక నంబరు బెడ్డు అయిపోయాను.” నవ్వబోయాడు. “నాకూ ఎక్కడో ఎవరో పేరు పెట్టే ఉంటారు.”

“అలా...” అనబోయి ఆగిపోయింది. సిస్టర్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

“పైపు తీసేదాకా మా అమ్మాయి దగ్గరుంటాను. వాళ్ళు నర్సుని పెడతారట. సిస్టర్లు ఎక్కడైనా దొరుకుతారు. నాకు కోడలు ఒక్కతే ఉంది. ఈ గదిలో ఇంకో వారం ఉంటే అదీ మిగలదు.” మెల్లగా తల తిప్పి మొదటిసారి ఆమె వైపు చూశాడు. “ఇది మా కోడలికి చెప్పకండి సిస్టర్. బాధపడుతుంది.”

“చెప్పనండి” అంది.

బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. మొగుడు మరిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు. అయిపోయింది, బాగానే ఉన్నారు అంటే గిన్నె అక్కడే నేల మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

ఆడపడుచు కళ్ళు ఎర్రబడ్డాయి. లోపల తండ్రి “అమ్మా” అనడం ఆమెకీ వినపడింది. చేతిసంచి ఎప్పుడు కింద పెట్టిందో, పెట్టేసింది.

“ఇంతసేపు ఏం మాట్లాడాడు?”

“పేషెంటు మాట బయట చెప్పకూడదు వదినా.”

“అబ్బో.” ఆ మాటలో పొద్దున్నటి పదును లేదు. “నాతో వస్తానంటున్నాడంటే ఏదో ఉండే ఉంటుందిగా. నీకైనా అనిపించలేదా, ఎందుకో?”

జవాబు కోడలికి తెలుసు. నన్నే నిలదీస్తావేం, ఆయనే పిలిచాడుగా నిన్ను అని ఒక్క మాట అంటే చాలు, పొద్దుట్నుంచి పడ్డ మాటలన్నీ తిరిగి అప్పజెప్పినట్టవుతుంది. వంగి, నేల మీది గిన్నె కాళ్ళకి తగలకుండా పక్కకి జరిపింది.

“సరే, నీ కోపాలూ నా కోపాలూ పక్కన పెట్టు” అంది ఆడపడుచు. “నర్సుగా చెప్పు. నాన్నని తీసుకెళ్ళొచ్చా, కూడదా? నువ్వు కూడదంటే ఇంక నోరెత్తను. కారు వెనక్కి తిప్పేస్తాం.”

అదీ సంగతి. కూడదు అనే మాట నాలుక చివరనే ఉంది. ఎవరూ అనుమానించరు. పైపు పొద్దున్నే మూసుకుపోయింది కదా, దూరప్రయాణం కదా. ఆయన ఇక్కడే ఉంటాడు. తను పూటపూటకీ ఆ గదిలోకి వెళ్తుంది, నొప్పుందా అని అడుగుతుంది. ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటాడు.

మొగుడు తలెత్తి చూశాడు. కూడదను, అన్నట్టే ఉంది ఆ చూపు.

“ఇవాళ వద్దు” అంది కోడలు. “రేపు పొద్దుటిదాకా రంగు ఇలాగే తేటగా పారితే, డాక్టర్ని ఒకసారి అడిగి తీసుకెళ్ళొచ్చు. దారిలో ఆపుతూ, నీళ్ళు తాగిస్తూ. బ్యాగు ఎప్పుడూ పొట్టకన్నా కిందుగా ఉండాలి. అన్నీ చూపిస్తాను.”

“నిజంగానే?” ఆడపడుచు ఆ జవాబుకి సిద్ధంగా లేనట్టుంది.

“నర్సుగా చెప్పమన్నావుగా వదినా.”

వంటింట్లోకి వెళ్ళి డ్యూటీ డ్రెస్సు విప్పింది. ఒంటి వేడికి అది ఒంటి మీదే ఆరిపోయింది. పొద్దున్న కట్టుకున్న పాత చీర చుట్టుకుంటుంటే గుమ్మం పక్కన గోడకి ఆనించిన పీట కనిపించింది. దాని మీద దుమ్ము పేరుకుంది. గుమ్మంలో ఆ పీట లేదని, ఇన్నిరోజుల్లో తను ఒక్కసారైనా గమనించలేదు. అక్కడే పీట మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. వార్డులో ఎంతమంది పోయినా ఇలా ఏడవలేదు.

కోడలిగా తనకిప్పుడేమీ తెలియదు. తెలియనిదానికి బతిమాలలేదు, క్షమించమని అడగలేదు. వెళ్ళొద్దు మామయ్యా అంటే చాలు, సిస్టర్ మాట తప్పిందని ఆయనకి తెలిసిపోతుంది. రేపట్నుంచి ఆయన ఏ సిస్టర్నీ నమ్మడు.

గాజులు తొడుక్కుంది. ముఖం కడుక్కుంది. రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు పోసి, చంకలో పీట ఇరికించుకుని మామగారి గది తలుపు మోచేత్తో తోసింది.

“మామయ్యగారూ, పడుకున్నారా?”

“లేదమ్మా. రా.”

మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. బ్యాగు వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు. ఒక గ్లాసు ఆయన చేతికిచ్చి, ఇంకోటి తను తాగింది.

“ఇవాళ ఆదివారమైనా నన్ను డ్యూటీకి పిలిచారు మామయ్యా. తెలుసా?”

ఆయన గ్లాసు పట్టుకుని ఆగాడు.

“అవునా?”

“ఒక పెద్దాయన. భలే మొండివాడులే. తలుపు గడియేసుకున్నాడు. తన వాటా నీళ్ళన్నీ మొక్కకి తాగించాడట, పాపం ఆ మొక్కకి జలుబు చేసింది.”

ముసలాయన పెదాలు కదిలాయి. గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు.

“ఏ నంబరు బెడ్డు?”

“నంబరు లేదు. ఆయన బెడ్డుకి నంబరు వెయ్యలేదు మామయ్యా.”

ఇంకో గుక్క తాగాడు.

“ఏమన్నాడేం నీతో?”

“చెప్పకూడదు. మాటిచ్చాను.”

“మంచిపని చేశావ్.” గ్లాసులో మిగిలిన నీళ్ళు మొత్తం తాగేసి, ఖాళీ గ్లాసు ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు దాని అంచు చుట్టూ వేలు తిప్పాడు. ఆమె కూర్చునే ఉంది, లేవలేదు.

తలుపు దగ్గర అలికిడైంది. ఆడపడుచు వచ్చి గుమ్మంలో నిలబడింది.

“నాన్నా, మీ అల్లుడు ఇంకా కార్లోనే ఉన్నాడు. పొద్దున్న బయల్దేరేట్టయితే ఇంట్లోకొచ్చి పడుకోమంటాను. నువ్వు రాకపోతే ఇప్పుడే వెళ్ళిపోతాం. ఏదో ఒక మాట చెప్పు.”

ఆయన కూతురి వైపు చూడలేదు. కోడలి వైపు వంగి, పాత రోజుల్లో పీట మీద కూర్చుని అడిగినట్టే అడిగాడు.

“అమ్మాయ్, ఆ పెద్దాయనకి ఒక కోడలుండే ఉంటుంది కదా? ఆ పిల్ల ఏమంటుంది?”